ముడేసిన తాడు

జరగండ్రా, కాస్త చోటివ్వండి. ఆ కొబ్బరి మట్ట ఇప్పుడే వెయ్యకు బాబూ, మంట ఒక్కసారి లేచి చప్పున ఆరిపోతాది. భోగి మంట తెల్లారే దాకా నిలవాలి. అమ్మడూ, నువ్వు నా పక్కన కూర్చో. ఆ పిడకల దండ ఒళ్ళోనే పెట్టుకో, పొద్దు పొడిచాక వేద్దువు గాని.

ఏటన్నావు? నిప్పుని చూస్తే ఏనుగు పారిపోతాదా అనా?

పారిపోతాది. ఒళ్ళు కాలితే దానికీ మంటే కదా. ఝార్‌గ్రామ్ వైపు ఊళ్ళలో హులా పార్టీ అని ఉంటారు. ఇనప చువ్వకి గోనె చుట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్లో ముంచి ముట్టిస్తారు. అదే హులా. ఇరవై ముప్ఫై మంది అవి పట్టుకుని కేకలేసుకుంటా వెళ్తే, వరిచేలో పడ్డ మంద అడవిలోకి మళ్ళుతాది. మీరు ఫోన్లో చూసే ఉంటారు. కానీ వెలుతురు మీద పడినా, ఇంజిను కూత పెట్టినా కదలకుండా నిలబడ్డ ఏనుగుల్ని నేను చూశాను. ఈ కళ్ళతో చూశాను. ఆ ముచ్చట మీ నాన్నకి చెప్పాను, మీకింకా చెప్పలేదు.

మీ తాత డ్రైవరు కాదు, గార్డు కాదు. కీమ్యాన్. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. పొద్దున్నే పట్టాల వెంట నడక. పట్టాని స్లీపరుకి బిగించే కీలు ఒక్కొక్కటీ చూసుకుంటా పోవాలి, వదులైంది కనిపిస్తే కొట్టి బిగించాలి. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. చలికాలం రాత్రిపూట పెట్రోలింగు కూడా ఉండేది. చలికి ఇనుము ముడుచుకుంటాది, అతుకుల దగ్గర విరిగే భయం ఉంటాది. 1971లో చేరాను, 2010లో దిగాను. 39 ఏళ్ళు నా కళ్ళు నేల మీదే. అందుకే జాడలు చదవడం వచ్చింది నాకు.

నా బీటు సర్డిహా దగ్గర, టాటా లైను. మన ఖరగ్‌పూర్ నింపురా యార్డు దాటాక కలైకుండా, ఖేమాసులి, సర్డిహా, బాంస్‌తలా, ఆ తర్వాత ఝార్‌గ్రామ్. ఖేమాసులి దాటితే ఎర్రమట్టి, రెండు పక్కలా సాల్ అడవి. సాల్ అంటే మన గుగ్గిలం చెట్టే. ఎండాకాలం మొదట్లో పూస్తే ఆ వాసనకి నడక తెలిసేది కాదు.

మా గ్యాంగులో ఒక సంతాలీ పెద్దాయన ఉండేవాడు. అందరం దాదా అనేవాళ్ళం. ఆయనకి తెలుగు రాదు, నాకు సంతాలీ రాదు, ఇద్దరం బెంగాలీ, హిందీ కలిపి నడిపించుకునేవాళ్ళం. ఏనుగుని ఏనుగు అని ఆయన ఏనాడూ అనలేదు. ఠాకూర్ అనేవాడు. ఈ వైపు చాలామంది అలాగే అంటారు, హాతీ ఠాకూర్ అని. దేవుడనే అర్థం.

ఒకసారి రాత్రంతా వాన కురిసి వెలిసింది. కట్ట కింద బురదలో జాడ చూపించాడు దాదా. మీ మామ్మ బియ్యం చెరిగే చేటంత ఉంది, గుండ్రంగా. లోపల నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళలో అప్పుడే చిన్న పురుగులు ఈదుతున్నాయి. అంచు దగ్గర అరికాలి గీతలు అచ్చుపడ్డాయి, ఎండిన చెరువులో నెర్రెల్లాగ. దాదా నడుముకి చుట్టుకున్న బాబుయి తాడు విప్పాడు. బాబుయి అంటే ఇక్కడి గడ్డి, దాన్ని పేని తాళ్ళు చేసి సంతల్లో అమ్ముతారు. ఆ తాడుని జాడ అంచు వెంట మెల్లగా చుట్టూ పరిచాడు. తిరిగొచ్చి మొదటి కొసని తాకిన చోట ముడేశాడు. తర్వాత ఆ ముడి దాకా ఉన్న పొడుగుని ఒక సాల్ చెట్టు మీద కింది నుంచి పైకి రెండుసార్లు కొలిచి, గోటితో గీత గీశాడు. "భుజం ఇక్కడికి వస్తుంది," అన్నాడు.

ముందరి కాలి జాడ చుట్టుకొలత ఎంతో, ఇంచుమించు దానికి రెట్టింపు ఏనుగు ఎత్తు. ఏనుగులతో బతికినవాళ్ళకి తరతరాలుగా తెలిసిన లెక్క. ఆ గీత ఎనిమిది అడుగుల ఎత్తున ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తన్నాను. "ఇది మందకి పెద్దది. ఆడది," అన్నాడు దాదా. పక్కనున్న చిన్న జాడలు చూపించాడు. మగ ఏనుగు ఎదిగాక మందలోంచి వెళ్ళిపోతాదట, ఎక్కువగా ఒంటరిగా తిరుగుతాదట. పిల్లల్నీ, కూతుళ్ళనీ, మనవల్నీ వెంటబెట్టుకుని ఏ నెలలో ఏ నీటికి పోవాలో, ఏ ఏరు ఎక్కడ దాటాలో గుర్తుపెట్టుకుని నడిపించేది అమ్మమ్మే.

మా చిన్నతనంలో ఇక్కడ ఏనుగు మాటే లేదు. ఇవి దల్మా కొండల నుంచి వచ్చినవి, జంషెడ్‌పూర్ పక్కన. అంతకు ముందు బెంగాల్ అంచు దాకా వచ్చి మళ్ళిపోయేవి. 1987లో ఒక మంద కంసావతి ఏరు దాటి మేదినీపూర్ లోపలికి వచ్చేసింది. అప్పట్నించి ఏటా వరి కంకి మీద ఉన్నప్పుడు రావడమే. అక్కడ సింగ్‌భూమ్‌లో గనులు తవ్వి అడవిని ముక్కలు చేశారు. ఇక్కడేమో పోయిన అడవి తిరిగొచ్చింది. ఎలాగంటావా, మేదినీపూర్‌కి పైన ఆరాబాడి అని ఉంది. 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అనే ఫారెస్టు ఆఫీసరు చుట్టుపక్కల 11 ఊళ్ళవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాడు. 618 కుటుంబాలు, 1,272 హెక్టార్లు. కొట్టేసిన సాల్ మొద్దులే మిగిలాయి అక్కడ. వాటి చిగుళ్ళని గొడ్డలి పడకుండా, పశువులు మెయ్యకుండా మీరు కాపాడండి, కలప అమ్మిన సొమ్ములో నాలుగో వంతు మీది అన్నాడు. వాళ్ళు కాపాడారు. మొద్దు నుంచి చిగురు, చిగురు నుంచి చెట్టు. ఆ పద్ధతి చూసి దేశమంతా నేర్చుకుంది. గొడ్డలి దించిన చేతుల పుణ్యం అది. ఆ నీడే ఏనుగుకీ కనిపించింది. నీడ పక్కనే పండిన వరి కనిపించింది. రోజుకి 150 కిలోల మేత కావాలి దానికి, ఏం చేస్తాది?

రైతుని తప్పుపట్టను నేను. ఒక రాత్రిలో ఏడాది తిండి పోతే ఎలా ఉంటాదో దగ్గర్నించి చూశాను. మా రైలుగేటు పక్క ఊళ్ళో ఒకామె, తొక్కేసిన చేలో గొంతుక్కూచుని, మట్టిలోకి దిగిపోయిన కంకుల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో పైకి లాగి కొంగులో వేసుకుంటోంది. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, నోటంట మాత్రం తిట్టు రాలేదు. "ఠాకూర్ తిన్నాడు," అంది, అంతే. అంత నష్టంలో ఆ మాట ఎలా వచ్చిందో ఆ నోటికి! నాకైతే వచ్చేది కాదు.

ఇక ఆ రాత్రి సంగతి.

డిసెంబరు నెల. పొగమంచు దిగింది. నాది పెట్రోలింగు డ్యూటీ. చేతిలో మూడురంగుల లాంతరు, సంచిలో పటాకాలు. మీరు దీపావళికి కాల్చేవి కావు, పట్టా మీద బిగించే రేకు డబ్బీలు. చక్రం ఎక్కగానే ఢామ్మని పేలతాయి, డ్రైవరు బండి ఆపేస్తాడు. రెండు దాటి ఉంటాది. ముందు వాసన తగిలింది. తడిసిన గోనె, పచ్చి పేడ కలిసిన వాసన. ఆగాను. ఎక్కడో కడుపులో ఉరిమినట్టు ఒక శబ్దం. చెవికి వినబడిందో, నా రొమ్ముకే తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. లాంతరు వెలుతురు ఆ మంచులో నాలుగు గజాలు దాటడం లేదు. ఆ నాలుగు గజాల చివర ఒక కాలు కనిపించింది. బూడిద రంగు, గోళ్ళ మధ్య ఎర్రమట్టి. కాలు ఒక్కటే. దాని పైన అంతా మంచు.

వెనక్కి వెనక్కి నడిచాను. వీపు తిప్పలేదు. కాస్త దూరం వచ్చాక అర్థమైంది, మంద లైను దాటతన్నాది. కట్ట ఎక్కుతుంటే కాళ్ళ కింద కంకర జారి గలగలమంటోంది. చాలామట్టుకు అవతలికి దిగిపోయాయి. ఒక గున్న మాత్రం రెండు పట్టాల మధ్య ఆగిపోయింది. అవతల పక్క కట్ట నిటారుగా ఉంటాది అక్కడ, దిగడానికి దానికి బెదురు. కీచుమని అరుస్తోంది. దిగిపోయినవాటిలో మూడు వెనక్కి ఎక్కి వచ్చాయి.

వంగి పట్టా మీద అరచెయ్యి పెట్టాను. చల్లటి ఇనుము లోపల సన్నగా జుమ్మంటోంది. ఖేమాసులి వైపు నుంచి గూడ్సు. ఏనుగు కూడా నేలలో పుట్టే అదురుని అరికాళ్ళతో వింటాదని శాస్త్రం చదివినవాళ్ళు తేల్చారు. అంటే నా చేతికి తెలిసింది వాటి కాళ్ళకి అంతకు ముందే తెలిసి ఉంటాది. తెలిసీ అవి అక్కడే ఉన్నాయి.

పరిగెత్తాను. స్లీపరు మీద స్లీపరు, మంచులో తడిసిన స్లీపర్లు. రూలు ప్రకారం ఎంత దూరంలో పెట్టాలో అంత దూరం పోయి పటాకాలు బిగించి, ఎర్ర దీపం ఊపుతా నిలబడ్డాను. లోడు బండి, బ్రేకు వెయ్యగానే ఆగేది కాదు. పటాకాలు పేలాయి, బ్రేకులు కీచుమన్నాయి, నన్ను దాటి ఇంకా పోయి, పోయి, ఆగింది. పరిగెత్తుకెళ్ళి ఇంజిను ఎక్కాను. మంద ఇంకా ముందుంది, బాగానే దూరం. డ్రైవరు పాత మనిషి, నేను చెప్పకముందే అర్థం చేసుకున్నాడు. ఇంజిను తలదీపం మంచుని చీల్చుకుంటా పోయింది, ఆ చివర అది కనబడింది.

పెద్దది మా వైపు మొహం తిప్పి రెండు పట్టాల మధ్య నిలబడి ఉంది. చెవులు విప్పింది. ముందుకి రాలేదు, ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. పేలుడు విన్నాది, కూత విన్నాది, కళ్ళలోకి వెలుతురు కొడతన్నాది. దాని వెనక గున్న. గున్నకి రెండు పక్కలా మిగతా రెండు. డ్రైవరు దీపం ఆర్పేశాడు. ఆ చీకట్లో కంకర చప్పుడు మాత్రం వింటా కూర్చున్నాం. మంచు కాస్త పలచనయ్యాక మసక మసగ్గా తెలిసింది. ఒకటి కట్ట వారకి దిగి ముందరి కాలితో కంకరని, మట్టిని తోసి ఏటవాలు చేస్తోంది. ఇంకోటి నుదురు ఆనించి గున్నని వెనకనుంచి నెడతన్నాది. ఇరవై నిమిషాలో, ఇంకా ఎక్కువో. గున్న జారింది, దిగింది. ఆ రెండూ దిగాయి. పెద్దది అప్పుడు కదిలింది, అన్నిటికన్నా చివర. డ్రైవరు బీడీ ముట్టించుకోబోయి చేతులు వణికి మానేశాడు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పొద్దున్న క్వార్టరుకి వచ్చేసరికి మా అమ్మ వాకిట్లో ముగ్గేస్తా పద్యాలు పాడుకుంటోంది. ఆమెకి చదువు రాదు. మా సొంతూళ్ళో హరికథ చెప్పే దాసుగారి నోట విని గజేంద్రమోక్షం పద్యాలు పట్టేసింది. పెళ్ళై ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు పెట్టెలో తెచ్చుకున్నది తక్కువే గాని, ఆ పద్యాలు తెచ్చుకుంది. మేం పిల్లలం వాటితోనే తెలుగు నేర్చుకున్నాం. ఆ కథ నాకు ఒకలాగే తెలుసు. త్రికూట పర్వతం మీద మడుగు, నీళ్ళలో దిగిన ఏనుగురాజు, కాలు పట్టిన మొసలి, వెయ్యేళ్ళ పోరు. తన బలం మీద నమ్మకం పోయాక మొర పెట్టడం, విష్ణువు ఉన్నపళాన పరిగెత్తుకు రావడం. ఆ ఏనుగు ముందు జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడొస్తే లేవలేదని శాపం. మొసలేమో హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం. గర్వం పోవాలి, శరణు వేడాలి. గుళ్ళో ఎవరు చెప్పినా ఇదే చెప్తారు, అది నిజమే కూడా.

నేను రాత్రి సంగతి చెప్పాను. అమ్మ ముగ్గు చిప్ప పక్కన పెట్టి విన్నాది. విని, "ఒరే నాయనా, ఆడ ఏనుగులేమయ్యాయో చెప్పు," అంది.

ఏ ఆడ ఏనుగులు?

"గజేంద్రుడి కూడా వచ్చినవి. మొసలి పట్టింది వాణ్ణొక్కణ్ణే కదా. మందేమైంది?"

నాకు గుర్తు రాలేదు. అన్నేళ్ళు విన్నాను, ఆ సంగతి చెవిలో పడనేలేదు. పోతనగారు వాటికని ఒక పద్యమే కట్టారట. ఒంటరిగా పోరాడేవాణ్ణి విడిచి పోవడానికి వాటికి అడుగు పడలేదట, చూస్తా నిలబడిపోయాయట. అమ్మ ఆ పద్యం పాడింది. పాడి, "నీళ్ళలో ఉన్న మొసలిని అవేం చెయ్యగలవు? ఏమీ చెయ్యలేవు. అయినా పోలేదు. దేవుడు వచ్చింది ఆఖర్న కదరా. ఆయనొచ్చేదాకా వాడితో ఉన్నదెవరు?" అంది.

తర్వాత మా తాత ముచ్చట ఎత్తింది. మా తాత ఇక్కడ వర్క్‌షాపులో కళాసీ. 1927లో పనివాళ్ళని వందల్లో తీసేస్తుంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ళు సమ్మె కట్టారు. ఆ యూనియన్‌లో మన బరంపురం గిరిగారు పెద్ద తలకాయ, తర్వాత రాష్ట్రపతి అయ్యారు చూడు, వి.వి. గిరి గారు. షాపు తలుపులు మూసేశారు, జీతం లేదు. ఇంటికి పోదామంటే పోవచ్చు, సొంతూళ్ళో గంజైనా దొరుకుతాది. మా నాన్నమ్మ పోలేదట. ఆ లైనులో ఆడవాళ్ళెవరూ పోలేదట. వీధికి ఒకే పొయ్యి, ఒకే కుండలో చోడంబలి కాచి, పిల్లలకి ముందు, సమ్మెలో కూర్చున్నవాళ్ళకి తర్వాత, మిగిలితే తమకి. మా అమ్మ అదంతా వాళ్ళ అత్తగారి నోట విన్నది. "వాళ్ళేమన్నా తలుపులు తెరిపించగలరా? అయినా ఉన్నారు," అని చెప్పి, చిప్ప తీసుకుని ముగ్గు పూర్తి చేసింది.

నెల తిరక్కుండా దాదా నన్ను వాళ్ళ ఊరి థాన్‌కి తీసుకెళ్ళాడు. గుడి కాదు, గోడ లేదు, పెద్ద చెట్టు కింద చోటు. అక్కడ కాల్చిన మట్టితో చేసిన గుర్రాలు, ఏనుగులు వందల్లో ఉన్నాయి. మొక్కు తీరినవాళ్ళు తెచ్చి పెడతారు. తొండాలు విరిగినవి, నాచు పట్టినవి, చెట్టు వేరు చుట్టేసి సగం మింగేసినవి. నేనూ ఒక మట్టేనుగుని కొనుక్కెళ్ళాను. ముందు వరసలో చోటుందని పెట్టబోతే దాదా నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కదాన్నే పెట్టకు," అన్నాడు. పాతవాటి మధ్యకి జరిపి, ఒకదాని పక్కకి ఆనించి పెట్టించాడు.

చలేస్తోందా? ఇప్పుడు వెయ్యి ఆ మట్ట. చాలు.

మన సొంతూరు భామిని దగ్గర, వంశధార పక్క. నా చిన్నప్పుడు నౌపడలో దిగి గుణుపురం పోయే చిన్న రైలు ఎక్కేవాళ్ళం. అక్కడా ఏనుగు లేదు ఆ రోజుల్లో. 2007లో ఒడిశా లఖారీ అడవి నుంచి వచ్చాయి. ఏనుగు లేని ఊరు వదిలి ఏనుగు లేని ఊరొచ్చాం మనం. రెండు చోట్లకీ వచ్చింది అది, ఇల్లు వెతుక్కుంటా. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ్డ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. ఒకే చోట నాలుగు. ఫోన్లో ఫొటో వచ్చింది. మీ మామ్మ చూసి, "మొదటిది పడ్డాక మిగతావి పారిపోవచ్చు కదా," అంది. నేను జవాబు చెప్పలేదు.

2024 ఆగస్టులో ఝార్‌గ్రామ్‌లో ఒక ఆడ ఏనుగు వీపులో కాలుతున్న ఇనప చువ్వ దించారు. నువ్వు నిప్పు మాట అడిగావు కదమ్మా, ఆ నిప్పే. రెండు రోజులకి చచ్చిపోయింది. 2025 జులైలో, 18వ తారీఖు అర్ధరాత్రి దాటాక, నా బీటు పక్కనే, బాంస్‌తలా దగ్గర, రైలు తగిలి మూడు పోయాయి. ఒక పెద్దది, రెండు పిల్లలు. ఆ పొద్దున నేను అన్నం తినలేదు. మీ నాన్న వయసైపోయిందని, బీపీ మాత్ర వేసుకోమని చెప్పాడు. పిల్లలు పట్టాల మీద ఉంటే పెద్దది ఎక్కడుంటాదో నాకు తెలుసు. ఆ మంచులో చూశాను కదా. ఆ మూడూ ఏ మందవో గాని, 1987లో ఏరు దాటిన అమ్మమ్మ వంశమే అయ్యుండొచ్చు అనిపించి, ఆ రాత్రి చాలాసేపు లేచి కూర్చున్నాను. పట్టాల మీద మంద నిలబడితే నడిచేవాడు పరిగెత్తాలి, నడిపేవాడు ఆపాలి. నాకు తెలిసిన భక్తి అంతవరకే.

ఆ గూట్లోంచి సంచి తే బాబూ. అదే, నా పాత డ్యూటీ సంచి. లోపల చెయ్యి పెట్టు. ఉందా? దాదా రిటైరైన రోజున నా చేతిలో పెట్టాడు. రంగు పోయింది, పీచు లేచింది, ముడి మాత్రం అలాగే ఉంది. మెల్లగా పట్టుకో, లాగకు. ఆ వేపచెట్టు దగ్గరికి రండి ఇద్దరూ. ఈ కొస నేల మీద ఆనించు. ముడి ఎక్కడికొచ్చింది? అక్కడ వేలు పెట్టి ఉంచు. ఇప్పుడు మళ్ళీ అక్కణ్ణించి పైకి. అందదు నీకు, అన్నయ్య భుజాలెక్కు. ఇంకా పైకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. చెయ్యి అక్కడే ఉంచు, దిగకు. అంత ఎత్తున ఉంది ఆ భుజం, మంచులో, మా వైపు తిరిగి.

తూర్పు ఎర్రబడుతోంది. రా, నీ దండ వేద్దాం.